ఇసుకదిబ్బ మీద బస

శ్మశానంలోని శిలువలు నీళ్ళ మీద తేలుకుంటూ ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చిన వరదకి అది ఆరో ఏడు. నీళ్ళు తీశాక ఊరివాళ్ళు ఎవరి శిలువ వాళ్ళు ఏరుకుని, ఎవరి సమాధి ఎక్కడో గుర్తున్నంతలో మళ్ళీ పాతుకున్నారు. ఎఫ్రాయిమ్ కూడా తన అన్న సిమియోను శిలువని భుజాన వేసుకెళ్ళి, చర్చి గోడ నుంచి అడుగులు కొలిచి, ఒకచోట పాతాడు. దాని కింద ఉన్నది అన్నేనా అన్నది అతనికి ఈనాటికీ రూఢిగా తెలియదు.

ఆ ఆరో ఏడు జూన్ నెలలో, బడిపిల్లల్ని దోనెల్లో తీసుకెళ్ళి నది ఒడ్డున ఒక రాత్రి ఉంచి తీసుకురావాలని విల్ఫ్రెడ్‌కి బుద్ధి పుట్టింది.

విల్ఫ్రెడ్ సిమియోను కొడుకు. నాలుగేళ్ళవాడిగా ఉన్నప్పుడు తండ్రి పోయాడు. తల్లి అతన్ని దక్షిణాన పట్నానికి తీసుకుపోయింది. అక్కడే పెరిగి, చదువుకుని, రెండేళ్ళ కిందట ఊరి బడికి పంతులై తిరిగొచ్చాడు. ఊరివాళ్ళు మాట్లాడే క్రీ భాష అతనికి ముక్కలు ముక్కలుగా వచ్చు. నది కూడా అంతే. ఉత్సాహానికి మాత్రం లోటు లేదు. పటం పరిచి, బస చేసే చోట పెన్సిల్‌తో సున్నా చుట్టి, పదకొండు ఇళ్ళకి పదకొండు అనుమతి కాగితాలు పంపాడు. సంతకంతో తిరిగొచ్చినవి రెండు.

బడివాళ్ళు పిల్లల్ని పడవెక్కించి తీసుకుపోతారంటే ఆ ఊరి ముసలివాళ్ళకి వేరే సంగతి గుర్తొస్తుంది. వాళ్ళ చిన్నప్పుడు ఆకులు రాలే కాలానికి ఒక పడవ వచ్చేది. పిల్లల్ని ఎక్కించుకుని దూరపు బడికి పోయేది. ఎక్కినవాళ్ళందరూ తిరిగి రాలేదు. ఎఫ్రాయిమ్ ఆ బడిలో మూడు శీతాకాలాలు ఉన్నాడు. నాలుగో ఏడు పడవ కనిపించగానే వాళ్ళ నాన్న అన్నదమ్ములిద్దర్నీ అడవిలోకి తీసుకుపోయి మంచు పడేదాకా బయటికి రానివ్వలేదు. అతని చదువు అంతటితో సరి.

విల్ఫ్రెడ్ ఒక సాయంత్రం బాబాయ్ ఇంటికి వచ్చాడు. ఎఫ్రాయిమ్ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"బాబాయ్, నువ్వొస్తే చాలు. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే వచ్చి కూర్చో."

ఎఫ్రాయిమ్ వలకి ఇంకో కన్ను అల్లాడు.

"నువ్వు వస్తున్నావంటే అందరూ సంతకం పెట్టేస్తారు. ఇంటింటికీ తిరిగి అడిగాను. అందరిదీ ఒకటే మాట. ఎఫ్రాయిమ్ వస్తున్నాడా అని."

"పిల్లలెంతమంది?"

"పదకొండు."

"దోనెలు?"

"అయిదు. బడివి మూడు. అడిగి తెచ్చినవి రెండు."

ఎఫ్రాయిమ్ దారం కొరికి, వల పక్కన పెట్టాడు. "రేపు రేవుకి తీసుకురా. చూస్తాను."

ఒప్పుకోవడం అంటే అదే. అంతకంటే పెద్ద మాట అతని నోట విన్నవాళ్ళు ఊళ్ళో తక్కువ.

దోనెల్లో నీళ్ళు పోసి చూస్తే రెండు కారాయి. వాటికి మాటు వేశాడు. పిల్లల్ని మోకాళ్ళ మీద కూర్చోవడం అలవాటు చేసుకోమన్నట్టు తను కూర్చుని చూపించాడు. రేవులో నడుంలోతు నీళ్ళలో ఒక్కొక్క దోనెనీ బోర్లా తిప్పి, పిల్లలు కేకలేసుకుంటూ బయటికి వచ్చేదాకా నిలబడ్డాడు. మూడు రోజులు అలా చేశాడు. నాలుగో రోజుకి కాగితాలన్నీ వచ్చాయి. పదకొండోది సబీనా అవ్వ స్వయంగా తెచ్చింది. ఆమె అన్న చిన్నప్పుడు దూరపు బడి పడవెక్కి తిరిగి రానివాళ్ళలో ఒకడు.

"ఎంతమందిని తీసుకెళ్తున్నావో అంతమందినీ తెచ్చి అప్పగించు" అంది ఎఫ్రాయిమ్‌తో. "లెక్కలు వచ్చుగా నీకు. మూడేళ్ళు చదివావుగా."

వంటకీ, ఆడపిల్లలకి తోడుకీ ఫిలోమీన్ వస్తానంది. ఆమె ఎఫ్రాయిమ్‌కి మేనమామ కూతురు. ఆ వరస మీద అరవై ఏళ్ళొచ్చినా అతన్ని ఆటపట్టించడం మానలేదు.

"బావ వస్తున్నాడా? అయితే మాటల సందడికి కొదవుండదు" అంది. "పోయినసారి నాతో చేపలకి వచ్చినప్పుడు పొద్దున ఊఁ అన్నాడు, సాయంత్రం ఊఁహూఁ అన్నాడు. రెండు రోజులు తలనొప్పి తగ్గలేదు నాకు."

పిల్లలు నవ్వారు. ఎఫ్రాయిమ్ "ఊఁ" అన్నాడు. ఇంకా నవ్వారు.

అతను మాట్లాడకపోవడం ఒక్కటే అయితే చింత లేదు. అక్కడ ఎదిగిన మనిషికి ఎదిగిన మనిషి ఇది చెయ్యి, అది మానుకో అని చెప్పడు. చెప్తే అవతలివాడికి కళ్ళూ బుర్రా లేవన్నట్టు. తెలిసినవాడు తనేం చెయ్యబోతున్నాడో చెప్తాడు. లేదా ఒక కథ చెప్తాడు. వినేవాడు తనకి కావలసింది అందులోంచి తీసుకుంటాడు. పెద్దలు అలాగే బతికారు. ఎఫ్రాయిమ్ కూడా అలాగే బతికాడు, ఒక్క రోజు సంగతి తప్ప.

ఆ రోజు నది కొత్తగా గడ్డకట్టింది. ముప్పై నాలుగేళ్ళ కిందట. అన్నదమ్ములు ఉచ్చులు చూసుకుని తిరిగొస్తున్నారు. మంచు మధ్యలో, పలచగా ఉన్నచోటికి గుర్తుగా, బూడిదరంగు చార ఒకటి ఎఫ్రాయిమ్‌కి కనిపించింది. "నేను ఒడ్డెంట నడిచొస్తాను" అన్నాడు. సిమియోను పెద్దవాడు. పెద్దవాడికి చిన్నవాడు అంతకంటే ఏం చెప్తాడు? "నడు, నడు. నువ్వొచ్చేసరికి టీ కాచి ఉంచుతాను" అని సిమియోను నవ్వుకుంటూ మంచు మీదికి దిగాడు. వసంతంలో మంచు కరిగాక గానీ శవం దొరకలేదు. చార చూసిన సంగతి ఎఫ్రాయిమ్ ఎవరికీ చెప్పలేదు. వదినకి చెప్పలేదు. విల్ఫ్రెడ్‌కీ చెప్పలేదు.

బయల్దేరిన పొద్దున పిల్లలు రేవులో, పెద్దల ఆనవాయితీ ప్రకారం నదికి మొక్కుగా, తలా చిటికెడు పొగాకు నీళ్ళకి ఇచ్చారు. ఎఫ్రాయిమ్ తన చిటికెడు వేసి, అది పోయే దిక్కు చూశాడు. పొగాకు ఉన్నచోటే చాలాసేపు తిరిగింది. తరవాత నెమ్మదిగా కదిలింది.

వారం రోజులు వాన కురిసింది. అంతకు ముందు రోజే వెలిసింది. అయినా నది నిండుగా లేదు. రేవు గుంజ మీద నిన్నటి తడి బెత్తెడు పైన ఉంది.

అయిదు దోనెలూ ఒడ్డు పట్టుకుని ఎగువకి సాగాయి. ఎఫ్రాయిమ్ ముందు దోనెలో వెనక కూర్చున్నాడు. వెనక కూర్చున్నవాడి చేతిలోనే దోనె తిరుగుడు ఉంటుంది. ముందు ఇద్దరు పిల్లలు. అందులో మార్లీ అనే పిల్లకి నోరు ఊరుకోదు.

"తాతా, నీళ్ళు తగ్గాయి కదా, ఈత కొట్టొచ్చా?"

"ఊఁహూఁ."

"వాన పడితే నీళ్ళు పెరగాలి కదా తాతా?"

"పెరగాలి."

"మరి పెరగలేదేం?"

అతను తెడ్డు రెండుసార్లు వేశాడు. "పైన పట్టుకున్నారు" అన్నాడు.

ఎగువన మూడు రోజుల ప్రయాణంలో ఆనకట్ట ఉంది. నీళ్ళు ఎప్పుడు ఆపుతారో, ఎప్పుడు వదులుతారో ఆనకట్టవాళ్ళ ఇష్టం. ఎంత ఎక్కువ ఆపితే వదిలినప్పుడు అంత వడిగా వస్తాయి. ఒక్కోసారి ముందుగా కబురు వస్తుంది. ఒక్కోసారి నీళ్ళొచ్చాక వస్తుంది.

దారిలో కొమ్మలూ బురదా పేర్చి కట్టిన బీవర్ గూడు ఒకటి కనిపించింది. ఆ జంతువు తన ఇంటి గుమ్మాన్ని ఎప్పుడూ నీళ్ళ అడుగున దాచుకుంటుంది. ఇప్పుడా గుమ్మం బయటపడి, నోరు తెరుచుకుని, నల్లగా ఉంది. పిల్లలు వింతగా చూశారు. ఎఫ్రాయిమ్ దోనె ఆపలేదు. కానీ దాటిపోయాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక దోనెలోంచి ఫిలోమీన్ కూడా అటే చూస్తోంది. పొద్దున్నించీ నవ్వుతున్న మనిషి నవ్వడం మానింది.

పొద్దు వాలకముందే పటంలో పెన్సిల్ సున్నా ఉన్నచోటికి చేరారు. అది నది మధ్యకి పొడుచుకొచ్చిన ఇసుకదిబ్బ. చదునుగా, తెల్లగా, మంచం పరిచినట్టు ఉంది. దాని వెనక ఏటవాలు బండ, బండ మీద పలచగా చెట్లు. విల్ఫ్రెడ్ దోనెలోంచి దూకి చేతులు బార్లా చాచాడు.

"చూశారా! గుడారాలకి ఇంతకంటే మంచి చోటు నది మొత్తం మీద లేదు. రాయి లేదు, దోమ లేదు."

పిల్లలు పరుగులు పెట్టారు. ఎఫ్రాయిమ్ ఇసుక అంచున నడిచాడు. ఒక మడుగులో చెయ్యంత చేప చిక్కుకుని వీపు బయటపెట్టి ఉంది. ఆల్చిప్పలు నది వైపు పాకిన గీతలు ఇసుక మీద తడిగా ఉన్నాయి. కొన్ని నీళ్ళ దాకా చేరలేదు. అతను ఒడ్డునున్న విల్లో చెట్టు కొమ్మ ఒకటి విరిచి, తొక్క తీసి, నీళ్ళు ఎక్కడున్నాయో గుర్తుకి వాటి అంచున గుచ్చాడు.

తరవాత వచ్చి విల్ఫ్రెడ్ పక్కన కూర్చున్నాడు. పిల్లలూ చుట్టూ చేరారు. అతనంతట అతనే నోరు విప్పాడు.

"ఆనకట్ట కట్టిన కొత్తల్లో బాతుల వేటకి ఒకతను వచ్చాడు. ఈ దిబ్బ మీదే గుడారం వేసుకున్నాడు. మెత్తగా ఉందని. అతని కెటిల్ గూడబాతుల మలుపు దగ్గర దొరికింది."

ఆ మలుపు అక్కడికి దిగువన ఒక పగటి ప్రయాణం.

"మనిషి దొరికాడా తాతా?" అంది మార్లీ.

"కెటిల్ దొరికింది."

విల్ఫ్రెడ్ పగలబడి నవ్వాడు. "బాగుంది బాబాయ్! ఇంక వీళ్ళు రాత్రంతా పడుకున్నట్టే. ఇలాంటివి ఇంకో రెండు దాచుంచు, చలిమంట దగ్గర చెబుదువుగాని."

ఎఫ్రాయిమ్ అతని మొహం వైపు చూశాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే కథ అనుకున్నాడు. పట్నంలో పెరిగినవాడికి ఏం తెలుస్తుంది? విన్నది విన్నట్టే పట్టుకున్నాడు.

"నేను బండ మీద పడుకుంటాను" అన్నాడు ఎఫ్రాయిమ్.

"నీ ఇష్టం బాబాయ్. ఇక్కడ ఇసుక మెత్తగా ఉంటే రాయి కావాలంటావేంటి!"

పాతరోజుల్లో అయితే పెద్దమనిషి పక్క ఎత్తుకున్నాడంటే మాటలక్కర్లేదు, అందరి పక్కలూ లేచేవి. ఇప్పుడు ఒక్క పక్కా లేవలేదు. ఫిలోమీన్‌కి అర్థమైంది. ఆమె కూడా విల్ఫ్రెడ్‌కి ఏమీ చెప్పలేదు. పంతులు తను కాదు, అతను. పైగా ఆమె కూడా అదే నీళ్ళు తాగి పెరిగింది.

ఎఫ్రాయిమ్ తన దుప్పటి బండ మీద పరిచి కిందికి చూశాడు. పుల్లకీ నీళ్ళకీ మధ్య అప్పుడే జానెడు పొడి ఇసుక. నది ఊపిరి లోపలికి పీల్చుకుంటున్నట్టు ఉంది. పిల్లల గుడారాలు రంగురంగులుగా లేస్తున్నాయి. అతను వాటిని లెక్కపెట్టాడు. తరవాత కిందికి దిగి, నిప్పు మీద ఉడుకుతున్న మాంసం పులుసు కుండని చెవులు పట్టుకుని ఎత్తి, బండ వైపు నడిచాడు.

"బావా! అది ఇంకా ఉడకలేదు!" అంది ఫిలోమీన్. మూడు అడుగులు పోయేదాకా చూసింది. తరవాత రొట్టెల మూట చంకన పెట్టుకుంది. "సరే, కుండ ఎటుపోతే వంటమనిషి అటు. తినాలనుకున్నవాళ్ళు పైకి రండి. రాని వాళ్ళ మాంసం నాకే."

ఆకలి మీద ఉన్న పిల్లలు ఎంతసేపు ఆగుతారు? ఎనిమిదిమంది పైకి ఎక్కారు. తిన్నాక ఎఫ్రాయిమ్ ఒక దోనెని బోర్లించి భుజాల మీద పెట్టుకుని బండెక్కడం మొదలుపెట్టాడు. డెబ్భై దాటిన మనిషి. అది చూసి పిల్లలు సిగ్గుపడి పరిగెత్తారు. నాలుగు దోనెలూ, గుడారాలూ పైకి వచ్చేశాయి. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు.

విల్ఫ్రెడ్ మొహం కందగడ్డలా ఉంది. అతను కదల్లేదు. అతని గుడారం కదల్లేదు. పెద్దపిల్లలు ముగ్గురు, ట్రెంట్ అనేవాడు ముందుండి, పంతులు పక్కన నిలబడ్డారు.

"మేం కథలకి భయపడం తాతా!" అని అరిచాడు ట్రెంట్.

పైన ఎనిమిదిమంది. కింద ముగ్గురు, వాళ్ళ పంతులు. ఆ కాలంలో అక్కడ పొద్దుపోయినా చాలాసేపు వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురులో ఎఫ్రాయిమ్ పుల్లని చూస్తూ కూర్చున్నాడు. జానెడు మూరెడైంది. మూరెడు బారెడైంది. ఉదయం నుంచి కూస్తున్న నీటిపిట్టలు కూత ఆపేశాయి. ఎక్కడా గాలి లేదు.

"బావా" అంది ఫిలోమీన్ వెనక నుంచి, మెల్లగా. ఆ పిలుపులో వేళాకోళం లేదు.

"ఊఁ."

"వాడు సిమియోనులాగే నిలబడ్డాడు చూడు. నడుం మీద చేతులు పెట్టుకుని."

ఎఫ్రాయిమ్ లేచాడు.

ఇసుక మీదికి దిగి గుడారం ముందు నిలబడ్డాడు. కుర్రాళ్ళు ముగ్గురూ పేక ఆడుతున్నారు.

"లేవండి" అన్నాడు. "ఆ దోనె పట్టుకుని పైకి నడవండి. ఇప్పుడే."

అతను ఎవరికైనా ఇలా చెయ్యమని చెప్పగా వాళ్ళు ఎన్నడూ వినలేదు. ట్రెంట్ పంతులు వైపు కూడా చూడలేదు. ముక్కలు ఇసుకలోనే వదిలేసి ముగ్గురూ దోనె ఎత్తుకున్నారు.

విల్ఫ్రెడ్ గుడారం నోట్లో కూర్చుని ఉన్నాడు. "అయిపోయిందా బాబాయ్? కుండ పట్టుకుపోయావు. దోనెలు పట్టుకుపోయావు. ఇప్పుడు వీళ్ళు. రేపు బళ్ళో నా మాట ఎవడు వింటాడు? ఊరికే వచ్చి కూర్చోమన్నాను నిన్ను!"

"నువ్వూ లే."

"లేవను. నేను చిన్నపిల్లాణ్ణి కాదు. నీళ్ళొస్తే నాకు కాళ్ళున్నాయి."

ఎఫ్రాయిమ్ ఒక అడుగు ముందుకి వేశాడు.

"మీ నాన్న పోయిన రోజు మంచు నేను చూశాను" అన్నాడు.

విల్ఫ్రెడ్ తలెత్తాడు.

"బూడిదరంగు చార ఉంది మధ్యలో. నాకు కనిపించింది. ఆయనకి కనిపించలేదు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చెప్పలేదా ఆయనకి?"

"ఒడ్డెంట నడిచొస్తానన్నాను."

"అదా చెప్పడం?"

"అప్పుడు అదే చెప్పడం అనుకున్నాను."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు. ఇవాళ నీకు కూడా కథ చెప్పాను. నీకు అందలేదు. తప్పు నీది కాదు." ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడేసరికి అతనికి ఆయాసం వచ్చింది. "ఇప్పుడు చెప్తున్నాను. ఈ ఇసుక మీద పడుకోకు. లే. పైకి రా."

విల్ఫ్రెడ్ లేచాడు. కొడతాడనుకున్నాడు ఎఫ్రాయిమ్. కొట్టనీ అని చేతులు కిందికి వదిలి నిలబడ్డాడు. విల్ఫ్రెడ్ కొట్టలేదు. గుడారాన్ని మేకులతో సహా పెరికి, ఈడ్చుకుంటూ, బాబాయ్ భుజం తగలకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు. నీళ్ళకి భయపడి కాదు. ఆ మనిషి నిలబడ్డ ఇసుక మీద ఇంక నిలబడలేక. దిబ్బ మీంచి పోవడానికి దారి ఒక్కటే ఉంది, అది పైకి.

తెల్లవారకముందు చప్పుడు వచ్చింది. చెట్లలో గాలిలాంటి చప్పుడు, కానీ ఆకు కదల్లేదు. పిల్లలు ఒకళ్ళ తరవాత ఒకళ్ళు లేచి గుడారాల్లోంచి తలలు బయటపెట్టారు. చీకటి పలచబడేసరికి కింద దిబ్బ లేదు. గోధుమరంగు నీళ్ళు బండని రాసుకుంటూ పోతున్నాయి. నీళ్ళలో వేళ్ళతో సహా చెట్లు పోతున్నాయి. ఒక చెట్టు మీద బీవర్ ఒకటి ముడుచుకుని కూర్చుని ఉంది. అది వాళ్ళ వైపు చూసుకుంటూ పోయింది.

మార్లీ వచ్చి ఎఫ్రాయిమ్ చొక్కా పట్టుకుంది. ఏమీ అడగలేదు.

బాగా పొద్దెక్కాక వడి తగ్గింది. ఒడ్డు చెట్ల మధ్య నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఊరికి అటే పోవాలి. ఎఫ్రాయిమ్ కొయ్యలు అడ్డం వేసి దోనెల్ని పక్కపక్కన కట్టించాడు. అలా కడితే బోర్లాపడవు. రెండింటిని కట్టినదాన్ని ఫిలోమీన్‌కి అప్పగించాడు. మూడింటిని కట్టినది మిగిలింది. దాన్ని తిప్పాల్సినవాడు నడిమి దోనెలో వెనక కూర్చోవాలి. అది ఎఫ్రాయిమ్ చోటని అందరికీ తెలుసు. పిల్లలు ఆ చోటు వదిలి ఎక్కి కూర్చున్నారు. విల్ఫ్రెడ్ ఎవరితోనూ మాట్లాడకుండా దూరంగా రాయి మీద నిలబడి ఉన్నాడు. రాత్రి నుంచి అతను బాబాయ్ వైపు చూడలేదు.

ఎఫ్రాయిమ్ పిల్లల్ని లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు.

తరవాత నడిమి దోనెలో వెనక చోటు దాటుకుని, పిల్లల మధ్యనుంచి పోయి, ముందు కొసన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నవాడికి వెనక ఎవరున్నారో, ఏం చేస్తున్నారో కనపడదు. తెడ్డు అడ్డంగా తొడల మీద పెట్టుకున్నాడు.

"తాతా, వెనక ఎవరూ లేరు" అంది మార్లీ.

అతను తల తిప్పలేదు. నీళ్ళ వైపే చూస్తూ ఉన్నాడు. ఎప్పటికో, బరువైన మనిషి ఎక్కినట్టు, దోనె వెనక్కి కొద్దిగా దిగింది.

ఎఫ్రాయిమ్ తెడ్డు తీసి నీళ్ళలో వేశాడు.